మినిమల్ టెక్నో: వినగా వినగా తెలిసినవి

బెర్లిన్‌కు పైచదువులకు వచ్చే మన పిల్లలు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లలో కొందరికి ఇక్కడి టెక్నో గాలి సోకుతుంది. పండక్కో పబ్బానికో మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు గోడవారన పేర్చిన రికార్డులు తిరగేసి, "బాబాయ్, వీటిలో నిజంగా కొత్తదనం ఉన్నవేవి, ఊరికే ఊదరగొట్టినవేవి? ఎలా కనిపెట్టాలి?" అని అడుగుతారు. మినిమల్ విషయంలో ఈ ప్రశ్న అడగాల్సిందే. ఒక కిక్ డ్రమ్, ఒక హై-హ్యాట్, మధ్యలో రెండు మూడు చప్పుళ్లు. ఇంతే వినబడే సంగీతంలో ప్రతిభ ఎక్కడుందో, బద్ధకం ఎక్కడుందో పైకి తెలియదు. 1990ల మొదట్లో ఈ దేశం వచ్చినప్పటి నుంచీ దీన్ని వింటున్నాను. కొన్నాళ్లు రికార్డుల షాపులో కౌంటర్ వెనక నిలబడి అమ్మాను. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. ఏం తీసేశారు, తీసేస్తే ఏం వినబడింది

డెట్రాయిట్ సంగీతకారుడు రాబర్ట్ హుడ్ 1994లో 'మినిమల్ నేషన్' రికార్డు చేశాడు. ఆ రోజుల్లో యూరప్ రేవ్ పార్టీల సంగీతం ఏటికేడాది వేగం పెంచుకుంటూ, సైరన్లు, కేకలు, సాంపిల్స్ ఒకదాని మీద ఒకటి పోసుకుంటూ పోతోంది. డెట్రాయిట్ టెక్నోకి ప్రాణమైన ఫంక్ ఆ మోత అడుగున పడి నలిగిపోయింది. హుడ్ ఒక్కొక్కటీ తీసేస్తూ వెళ్లాడు. చివరికి డ్రమ్ మెషీన్, దాని మీద రెండు మూడు స్వరాల సింథ్ వరస మిగిలాయి. ఆ వరస కిక్‌తో కాలు కలిపి నడవదు, కాస్త ముందో వెనకో పడుతుంది. నాలుగు నిమిషాలు దాన్నే వింటూ ఉంటే, ఫిల్టర్ వెంట్రుకవాసి తెరుచుకోవడం, ఒక స్వరం మీద ఊనిక మారడం కూడా చెవికి పెద్ద సంఘటనలా తగులుతాయి. చప్పుళ్లతో నిండిపోయిన పాటలో ఆ మార్పు ఎవరికీ అందదు.

అందుకే ఏ కొత్త రికార్డుకైనా నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఇతను ఏం తీసేశాడు? తీసేశాక, అంతకుముందు వినబడనిది ఏం వినబడుతోంది? రెండో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఆ రికార్డును పక్కన పెట్టేస్తాను. 'మినిమల్ నేషన్' వచ్చిన ఏడాదే డేనియల్ బెల్, డీబీఎక్స్ పేరుతో 'లూజింగ్ కంట్రోల్' తెచ్చాడు. ఒకే గొంతు ముక్క, ఒకే బీట్. ఆ గొంతు మెలికలు తిరుగుతూ, లోతుకు దిగుతూ, పైకి లేస్తూ ఉంటుంది. చుట్టూ ఇంకేమీ లేకపోబట్టే ఆ మెలికలన్నీ మనకు దక్కాయి.

హుడ్ రికార్డులో నాకు అతని ఊరు కూడా వినబడుతుంది. డెట్రాయిట్ జనాభా 1950లో 18 లక్షలు దాటింది. 1990 నాటికి 10 లక్షల చిల్లరకు దిగిపోయింది. మూతపడ్డ కార్ల ఫ్యాక్టరీలు, మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన వీధులు చూస్తూ పెరిగిన మనిషి చేసిన ఖాళీ అది. ఆ బరువు లేకుండా ఆ ఖాళీని మాత్రమే ఎత్తుకుపోయినవాళ్లు తర్వాత చాలామంది వచ్చారు.

2. మెషీన్ కొత్తదైనంత మాత్రాన పాట కొత్తది కాదు

రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో తెచ్చిన టీబీ-303 అసలు ఉద్దేశం బేస్ వాయించే మనిషి దొరకని గిటారిస్టులకు సాధనలో తోడు ఉండటం. బేస్ గిటార్‌లా అది ఎన్నడూ మోగలేదు, కొనేవాళ్లూ కరువయ్యారు, 1984కల్లా తయారీ ఆగిపోయింది. దాని చుట్టమే అనదగ్గ టీఆర్-909 డ్రమ్ మెషీన్‌దీ ఇంచుమించు ఇదే కథ. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికే ఈ పెట్టెలను షికాగో, డెట్రాయిట్ నల్లజాతి కుర్రాళ్లు కొనుక్కున్నారు. షికాగోలో ఫ్యూచర్ బృందం 303 నాబ్‌లను పాట నడుస్తుండగానే తిప్పేసి 1987లో 'యాసిడ్ ట్రాక్స్' తెచ్చింది. కంపెనీ ఇంజినీర్లు ఊహించని వాడకం అది.

కొలోన్‌లో థామస్ బ్రింక్‌మన్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన రెండు చేతులున్న టర్న్‌టేబుల్ తయారు చేసుకున్నాడు. ఒకే రికార్డు మీద రెండు సూదులు వేర్వేరు చోట్ల నడుస్తాయి, ఒకదాని ధ్వని ఎడమ చెవికి, ఇంకోదానిది కుడి చెవికి వెళ్తుంది. రిచీ హాటిన్ అనే టెక్నో సంగీతకారుడు 1996లో నెలకొకటి చొప్పున విడుదల చేసిన 'కాన్సెప్ట్ 1' రికార్డులను ఆయన దీని మీద పెట్టి, వాటి లోపల దాగిన కొత్త లయలను బయటికి లాగాడు. ఆ వినికిడి నచ్చి హాటిన్ 1998లో దాన్ని తానే రికార్డుగా వేశాడు. తర్వాత బ్రింక్‌మన్ కత్తి పట్టుకుని రికార్డు చివర ఖాళీ గాళ్ల మీద గాట్లు పెట్టి, ఆ టకటకల నుంచే బీట్ కట్టాడు. వేల రూపాయలు పోసి ప్లగిన్లు కొనే పిల్లలకు నేను ఈ కత్తి సంగతి తప్పకుండా చెబుతాను.

3. ఒక గాడి దగ్గర ఆగండి

ఎల్పీ వేగంతో తిరిగే రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టు పూర్తవడానికి 1.8 సెకన్లు. గాడిని మామూలుగా లోపలికి సాగే సుడిలా కాకుండా, మొదలైన చోటే వచ్చి కలిసే వలయంలా కోస్తే సూది అందులోనే చిక్కుకుని, మనం ఎత్తేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ 1.8 సెకన్లలో సరిగ్గా నాలుగు బీట్లు పట్టాలంటే వేగం నిమిషానికి 133⅓ బీట్లు ఉండాలి. టెక్నోకి అది సొంత నడక. జెఫ్ మిల్స్ 1994లో తన ఆక్సిస్ లేబుల్ మీద వేసిన 'సైకిల్ 30'లో ఇలాంటి వలయాలు వరసగా ఉంటాయి. సూదిని వేలితో పట్టుకుని ఒక వలయంలో దించగానే పాట మొదలవుతుంది, దానికి ముగింపు ఉండదు.

డెట్రాయిట్‌లో ఈ గాళ్లు కోసిన పనివాడు రాన్ మర్ఫీ. లోపలి నుంచి బయటికి మోగే రికార్డులు కూడా కోశాడు. ఒక సంగీతకారుడి తలలో పుట్టిన ఆలోచన అలాంటి పనివాడి చేతికి అందకపోతే ఆలోచనగానే మిగిలిపోయేది. పత్రికల్లో అతని పేరు అరుదుగా వచ్చింది. రికార్డు చివర నున్నటి చోట గీరిన గుర్తులు చదవడం అలవాటు చేసుకోండి. అసలు మనుషులు అక్కడ ఉంటారు.

4. పేరు దాచుకున్నవాళ్లను ముందు వినండి

మార్క్ ఎర్నెస్టస్ 1989లో బెర్లిన్‌లో హార్డ్ వాక్స్ అనే రికార్డుల షాపు తెరిచాడు. మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్‌తో కలిసి 1993 నుంచి బేసిక్ ఛానల్ పేరిట తొమ్మిది పన్నెండంగుళాల రికార్డులు వేశాడు. వాటి మీద మనుషుల పేర్లు లేవు, ఫొటోలు లేవు. లేబుల్ మీద ఉన్న అక్షరాలు కూడా అరిగిపోయినట్టు, చదవలేనట్టు ఉంటాయి. వాళ్లను కలిసి మాట్లాడాలనుకున్న పత్రికలవాళ్లకు చిక్కేవారు కాదు.

'క్వాడ్రంట్ డబ్' పెట్టి చూడండి. ఒకే ఒక్క కార్డ్. దాన్ని డిలేలోకి పంపుతారు, అక్కడి నుంచి ఫిల్టర్, అక్కడి నుంచి రివర్బ్. తిరిగి వచ్చినదాన్ని మళ్లీ మొదటికి పంపుతారు. ఒక్కో చుట్టులో ఆ కార్డ్ కొంచెం మసకబారి, కొంచెం బురద పట్టి, అడుగున టేపు బుస లాంటి సవ్వడి తోడై వస్తుంది. ఎంతసేపు గడిచినా ఎక్కడ మొదలైందో, ఎప్పుడు మారిందో చెప్పలేం. ఈ విద్యకు తాతలు జమైకాలో ఉన్నారు. 1970ల్లో కింగ్ టబ్బీ పాటలోంచి గొంతును తీసేసి, మిక్సింగ్ బల్లనే వాయిద్యం చేసుకున్నాడు. బేసిక్ ఛానల్ వాళ్లు ఆ బాకీ మర్చిపోలేదు. తర్వాతి కాలంలో వాకీస్ అనే పాత రెగ్గే లేబుల్ రికార్డులను శ్రద్ధగా మళ్లీ ముద్రించి లోకానికి అందించారు. ఇక ధ్వని తమకు కావలసినట్టు గాడిలోకి దిగాలని 1995లో డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అనే కోత స్టూడియోనే పెట్టుకున్నారు. కొత్తదనం ఉన్నచోట ఇలా పనిమీది పట్టింపు ఒకటి కనబడుతుంది. దాన్ని ప్రచారంతో తెప్పించలేరు.

5. మోత ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

2003, 2007 మధ్య మినిమల్ పేరు చెబితే చాలు అన్నట్టు ఉండేది. దీనికి సంగీతం ఒక్కటే కారణమైతే పదేళ్ల ముందే, హుడ్ నాడే రావాల్సింది. ఆ మోత వెనక చాలా చేతులు ఉన్నాయి.

మొదటిది సాఫ్ట్‌వేర్. 2001లో బెర్లిన్ నుంచే ఏబుల్టన్ లైవ్ వచ్చింది. లూపులను ఎంత వేగానికైనా సాగదీసి, పక్కపక్కన పెట్టి, ఆపకుండా నడిపించే పనిని అది పిల్లల ఆటంత తేలిక చేసింది. ఆ సాఫ్ట్‌వేర్ ఎలాంటి పనికి అనువుగా ఉందో, చూస్తుండగానే సంగీతం ఆ ఆకారంలోకి ఒదిగిపోయింది. రెండోది అమ్మకం. 2004లో బీట్‌పోర్ట్ మొదలైంది. రికార్డు ముద్రించి, పెట్టెల్లో సర్ది, లారీల్లో పంపే ఖర్చు లేదు. అదే ఏడాది ఇక్కడ ఈఎఫ్ఏ అనే పెద్ద రికార్డుల పంపిణీ సంస్థ దివాలా తీసింది. దాన్ని నమ్ముకున్న చిన్న లేబుళ్లు కుదేలయ్యాయి. 'క్లిక్స్ అండ్ కట్స్' లాంటి సంకలనాలు తెచ్చిన మిల్ ప్లాటో లేబుల్‌కు తగిలిన దెబ్బ చిన్నది కాదు. మూడోది విమానాలు. చవక టికెట్ల మీద యూరప్ నలుమూలల నుంచి కుర్రకారు శుక్రవారం రాత్రి షోనెఫెల్డ్‌లో దిగి, సోమవారం పొద్దున తిరిగి వెళ్లేది. టోబియాస్ రాప్ అనే జర్మన్ రచయిత 2009లో వీళ్ల మీదే ఒక పుస్తకం రాశాడు. నాలుగోది ఈ ఊరే: బెర్లిన్ గోడ కూలిన తర్వాత ఖాళీగా పడి ఉన్న కట్టడాలు, తక్కువ అద్దెలు, 2004లో తెరుచుకున్న బెర్గైన్ క్లబ్బు, నది ఒడ్డున బార్ 25. వారాంతమంతా ఆగకుండా నడిచే పార్టీకి గంటల తరబడి ఒకే నడకలో సాగే సంగీతం కావాలి. మినిమల్ దానికి అచ్చంగా సరిపోయింది.

షాపులో ఆ రోజులు నాకు బాగా గుర్తు. శుక్రవారం కొత్త సరుకు వచ్చేది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో రికార్డు మీద మూడు చోట్ల సూది దించేవాణ్ని. మొదట టకటకమనే క్లిక్కులు. తర్వాత బొంగురుగా కిందికి దించిన గొంతు, అర్థం కాని రెండు మాటలు. మధ్యలో కిక్ ఆగి, నురగలాంటి శబ్దం పైపైకి లేచి, మళ్లీ కిక్ పడుతుంది. ఆ పేరు తీసి ఈ పేరు పెట్టినా తేడా తెలియనన్ని రికార్డులు. ఎవరో వెతికి వెతికి కనుక్కున్న ఫలితాన్ని, ఆ వెతుకులాట లేకుండా అచ్చు పోసినట్టు తీస్తున్నారు. వాటిలో చాలావాటిని ముక్కూ మొహం తెలియకుండానే ఆరు నెలల్లో సగం ధర పెట్టెలోకి మార్చాల్సి వచ్చింది. ఆ పెట్టెను మోసినవాడిగా చెబుతున్నాను, నష్టపోయింది ఆ లేబుళ్లే కాదు. నిజంగా కొత్తగా చేసినవాళ్ల రికార్డులు కూడా ఆ గుట్టలో కూరుకుపోయి, వినేవాడి చేతికి రాలేదు. దీన్ని నేను ఇప్పటికీ క్షమించలేను.

6. పేరు మోగినవాడల్లా డొల్ల అనుకోవద్దు

పిల్లలు కొన్నాళ్లు విన్నాక రెండో వైపుకి ఒరిగిపోతారు. పేరున్నవాడు ఎవడైనా మోసగాడే అంటారు. ఇది కూడా వినకుండా ఇచ్చే తీర్పే.

రికార్డో విల్లాలోబోస్‌ను తీసుకోండి. 1970లో చిలీలో పుట్టాడు. 1973 సైనిక తిరుగుబాటు తర్వాత కుటుంబం జర్మనీ చేరింది. మినిమల్ మోత ఉధృతంగా ఉన్న ఏళ్లలో అంతగా పొగడ్తలు పొందినవాడు ఇంకొకడు లేడు. అయినా 2003 నాటి 'అల్కచోఫా' ఇవాళ పెట్టినా తాజాగా ఉంటుంది. అందులో 'డెక్స్టర్' మొదలవగానే ఆ సన్నటి గిటార్ లాంటి తీగ ఎక్కడ ఆగుతుందో, ఎటు ఒరుగుతుందో ఊహించలేం. 2006లో 'ఫిట్సొయర్ ట్సీయొయర్' వచ్చింది. నిడివి 37 నిమిషాలు. బాల్కన్ బ్యాండు బాకాల చిన్న ముక్కను పట్టుకుని, అది వస్తుందా రాదా అని గంటలో సగానికి పైగా మనల్ని నిలబెడతాడు. మార్కెట్ ఏడు నిమిషాల సరుకు అడుగుతున్న రోజుల్లో ఈ పని చేశాడు.

రిచీ హాటిన్ విషయం ఇంకాస్త చిక్కు. ప్రచారం ఎలా చేయాలో ఆయనకు తెలిసినట్టు ఈ రంగంలో ఇంకెవరికీ తెలియదు. కొత్త యంత్రాలకు, కొత్త కంపెనీలకు ముఖంగా నిలబడ్డాడు. ఆయన మైనస్ లేబుల్ వెలుగులో ఉన్న రోజుల్లో దాన్ని అనుకరించినవాళ్లకు లెక్క లేదు. కానీ అదే మనిషి 1998లో ప్లాస్టిక్‌మన్ పేరుతో 'కన్స్యూమ్డ్' చేశాడు. అందులో బీట్లు చీకట్లో మునిగి, దాదాపు కనబడకుండా పోతాయి. డాన్స్ ఫ్లోర్‌ను పట్టించుకోని రికార్డు అది. కాబట్టి మనిషికి ఓటు వేయకండి, రికార్డుకు వేయండి.

7. "అందరికంటే ముందు మనవాడే" అన్న మాట

ఇది మన దేశం సంగతి కాబట్టి కాస్త బాధతో చెబుతున్నాను. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' రికార్డు చేశాడు. జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808, టీబీ-303. భైరవ్, లలిత్, యమన్, మాల్కౌన్స్ లాంటి పది హిందుస్తానీ రాగాలు. అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఒక డచ్ రికార్డుల సేకరణకర్త కంటబడి 2010లో మళ్లీ బయటికి రాగానే, ఫ్యూచర్ 'యాసిడ్ ట్రాక్స్'తో పేరు తెచ్చుకున్న యాసిడ్ హౌస్ పుట్టింది షికాగోలో కాదు, ఇండియాలో అని విదేశీ పత్రికలు చాటింపు వేశాయి. మనవాళ్లు అది పట్టుకుని పండగ చేసుకున్నారు.

అది నిజం కాదు. ఫ్యూచర్ కుర్రాళ్లు సింగ్ రికార్డు వినలేదు. ఆయన నుంచి వాళ్లకు దారి ఏదీ లేదు. ఈ చాటింపు వల్ల షికాగో వాళ్లకు అన్యాయం జరిగింది, సింగ్‌కు అంతకంటే ఎక్కువ జరిగింది. ఆయన అసలు ఏం చేశాడన్నది అడిగినవాళ్లు తక్కువ. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ సౌకర్యం ఉంది. గిటారిస్టుల తోడుకు పెట్టిన ఆ జారుడును ఆయన రాగంలోని మీండ్ పలికించడానికి వాడుకున్నాడు. మెషీన్ లెక్కప్రకారం అడుగులు వేస్తుంటే దాని మీద రాగం ఒలుకుతూ సాగుతుంది. దాన్ని వినడానికి ఎవరికంటే ముందో వెనకో అన్న తగువు అక్కర్లేదు. 2015లో ఆయన కన్నుమూశారు. చివరి ఏళ్లలో యూరప్ వేదికల మీద ఆ రాగాలను ఆయన చేతుల మీదుగానే విన్నవాళ్లు ధన్యులు.

8. ఫోన్‌లో విని తీర్పు ఇవ్వద్దు

మినిమల్ సగం బేస్‌లో ఉంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర నడిచే ఆ కదలికను ఫోన్ స్పీకర్ మోయలేదు. మంచి స్పీకర్లు దొరకకపోతే కనీసం పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చుకోండి. పాటను ముందుకు జరపకుండా మొత్తం వినండి. మూడో నిమిషంలో విసుగు వస్తుంది, రానివ్వండి. ఐదో నిమిషం దాటాక ఆ విసుగు విరిగి చెవి సూక్ష్మం వైపు తిరిగితే ఆ రికార్డులో పస ఉన్నట్టు. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 1965లో ఒకే గొంతును రెండు టేపు రికార్డర్ల మీద ఒకేసారి నడిపి, అవి మెల్లగా ఎడబాసినప్పుడు పుట్టే లయలను పట్టుకున్నాడు. అక్కడివాళ్లే అయిన లా మాంట్ యంగ్, టెర్రీ రైలీ హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యులై తంబుర శ్రుతి ముందు కూర్చున్నారు. ఈ ఓపికకు చాలా పెద్ద వంశమే ఉంది.

9. చచ్చిపోయింది అన్నప్పుడు కూడా అంతే జాగ్రత్త

2008 వచ్చేసరికి, అంతకుముందు మినిమల్‌ను మోసిన పత్రికలే దాని పని అయిపోయిందని రాసి, డీప్ హౌస్ వెంట పడ్డాయి. అప్పటికే రుమేనియాలో రాడూ, పెట్రే ఇన్‌స్పిరెస్కు, రారేష్ కలిసి 2007లో అర్పియార్ లేబుల్ పెట్టి, నల్ల సముద్రపు ఒడ్డున పొద్దెక్కేదాకా పన్నెండు నిమిషాల పాటలు వాయిస్తున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1997లో మొదలైన పెర్లోన్ లేబుల్ ఫైళ్ల అమ్మకం జోలికి పోకుండా రికార్డులు వేస్తూ వచ్చింది. చెబితే బాధగా ఉంటుంది గానీ, ఈ పట్టుదలను చూసి "వినైల్ ఓన్లీ" అని ముద్ర గుద్ది, కావాలని మూడు వందల కాపీలే వేసి, ధర పెంచే వ్యాపారం కూడా వెంటనే పుట్టుకొచ్చింది. ముద్ర చూసి కొనకండి. సూది దించి కొనండి.

10. బాకీ ఎవరికి ఉందో తెలుసుకోండి

2024 మార్చిలో జర్మనీ బెర్లిన్ టెక్నో సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ ఊరి క్లబ్బులు అద్దెలు పెరిగి మూతపడుతున్న సమయంలో ఆ గుర్తింపు అవసరమే, నాకు సంతోషమే. అయితే ఈ సంగీతం ఇక్కడ పుట్టలేదు. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ బెల్‌విల్ హైస్కూల్లో కలిసి చదువుకున్నారు. 1985లో ఆట్కిన్స్ తన మెట్రోప్లెక్స్ లేబుల్ మీద 'నో యూఎఫ్ఓస్' వేసేనాటికి బెర్లిన్ మధ్యలో ఇంకా గోడ నిలబడే ఉంది. మినిమల్ అనగానే మన పిల్లల నోట జర్మన్ పేర్లు, చిలీ పేర్లు, రుమేనియా పేర్లు వస్తాయి. హుడ్ పేరు నాలుగో ఐదో చోట వస్తుంది, బెల్ పేరు అసలు రాదు. మోత చేసే పెద్ద హాని నా లెక్కలో ఇదే. చెత్తను అమ్మడం కొన్నాళ్ల ముచ్చట, పునాది వేసినవాళ్ల పేరు చెరిపేస్తే అది తరాల పాటు నిలిచిపోతుంది.

అమెరికాలో డెట్రాయిట్ దగ్గర మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ బంధువులున్న పిల్లలకు నేను ఒక అడ్రస్ రాసిస్తాను: 3000 ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ల భవనం, అందులోనే టెక్నో మ్యూజియం ఉంది. ముందుగా అడిగి వెళ్తే చూపిస్తారు. హుడ్, మిల్స్ ఇద్దరూ మైక్ బ్యాంక్స్‌తో కలిసి పనిచేసిన బృందం వాళ్లది. మొన్న వేసవిలో మిషిగన్ వెళ్లిన అమ్మాయి ఒకతె అక్కడి నుంచి 'మినిమల్ నేషన్' తెచ్చుకుని, మొదటి వైపు వినగానే మా ఇంటికి ఫోన్ చేసింది. "రెండో వైపు కూడా పూర్తిగా విని చెయ్యమ్మా, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను.